వెనక సీటు బరువు

వీల్ మర్సీ, దక్షిణ ఆస్ట్రేలియా
6 మార్చి 1927

ప్రియమైన హెడ్లీ,

నీ జనవరి ఉత్తరం నిన్న అందింది. భుజం బెణికిందనీ, పనిలో అది మామూలేననీ ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఎలా బెణికిందో రాయలేదు. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. అప్పటి నుంచి పెంచినదాన్ని, నీ ఒక్క ముక్కల సంగతి నాకు తెలియదా? ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టుకో. బద్ధకించకు.

ఇక్కడ వాన పడి మూడు నెలలైంది. అయినా ప్రభువు దయవల్ల నాకు ఏ లోటూ లేదు. గని మూతపడ్డాక సగం ఊరు ఖాళీ అయింది కాబట్టి ఉన్న నీళ్ళు ఉన్నవాళ్ళకు సరిపోతున్నాయి. ఆదివారపు బడిలో హార్మోనియం ఇప్పటికీ నేనే వాయిస్తున్నాను. ఎలుకలు కొరికి రెండు మెట్లు పలకడం లేదు.

పెద్ద కబురు ఏమిటంటే, థర్జా బొలీథో కొడుకు క్లెమ్‌కు పని దొరికింది. ఉత్తరాన గొర్రెల ఎస్టేట్లకు టపా మోయడానికి గల్ఫ్ విమాన టపా కంపెనీ అని ఒకటి కొత్తగా పెట్టారు. అందులో విమానం నడుపుతాడు. మొదటిసారి ఊరి మీద చక్కర్లు కొట్టిన రోజున అందరం వీధిలోకి వచ్చి చూశాం. రెక్కల కింద కాలేయపు మాత్రల ప్రకటన ఎర్ర అక్షరాలతో రాయించారు. ఆకాశంలోకి తలెత్తి చూస్తే కడుపుబ్బరం గురించి చదవాలి! నాకు వెగటు పుట్టింది. థర్జాకు మాత్రం ఆ అక్షరాలు కనబడనే లేదు, కొడుకు చెయ్యి ఊపడమే కనబడింది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నన్ను పట్టుకుంది.

"ఏమే కెజయా, మావాడు నడిపే బండి మీ హెడ్లీ పరీక్ష చేసిందేనటే! కర్లూనో కిర్లూనో, అదేదో పేరు. కాగితాల మీద ఆయన సంతకం కూడా ఉందట. మావాడు చూసొచ్చాడు."

"అయితే ఇంకేం, హాయిగా పడుకో," అన్నాను.

"నువ్వంటే చాలదే. ఆయన్నే ఒక్క ముక్క రాయమను. ఒక్కగానొక్కడు గదా నాకు."

కాబట్టి ఆ ఒక్క ముక్క రాసి పంపు. ఈలోపు నీ తరఫున నేనే మాటిచ్చేశాను. హెడ్లీ ట్రెవారో సంతకం చేశాడంటే నువ్వు మోకరించి అడగాల్సిన పని కూడా లేదన్నాను. ఆమె నవ్వింది. క్లెమ్ మంచి పిల్లవాడు. ఎనిమిదో ఏట మద్యం ముట్టనని కార్డు మీద సంతకం చేసినప్పుడు వాడి చెయ్యి పట్టుకుని రాయించింది నేనే.

నవంబరు స్మారక ఆరాధనలో నీ యుద్ధపు ఉత్తరం ఎప్పటిలాగే చదవమని పాస్టరుగారు ఇప్పుడే అడిగి ఉంచారు. సరేనన్నాను.

నీ కోసం ప్రార్థించే అక్క,
కెజయా


స్టోక్ మార్లీ, ఇంగ్లండు
17 ఏప్రిల్ 1927

అక్కా,

భుజం బాగుంది. ఉప్పు మూట కట్టమని మా ఇంటావిడను అడిగితే ఆమె ఉప్పు తెచ్చి కూరలో వేసింది. ఈ దేశపు ఆడవాళ్ళ వంట గురించి ఇంతకంటే చెప్పను.

మొన్న లండన్‌లో మా పాత దళం వాళ్ళ విందుకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. బల్ల మీద పరిచిన గుడ్డ ఏమిటో తెలుసా? పాలస్తీనాలో మేం కూల్చిన జర్మన్ విమానపు రెక్క నుంచి కోసుకొచ్చిన గుడ్డ. నల్ల సిలువ గుర్తు సరిగ్గా నా కంచం కింద పడింది. ఒక మూల గోధుమరంగు మరక ఉంది. అది పాత నెత్తురో, ఇప్పుడు ఒలికిన మాంసం పులుసో తేల్చుకోలేక మూడో ముద్ద దిగలేదు. లేచి బయటికి పోతుంటే వెనక నుంచి ఒకడు, "ఏంటి ట్రెవారో, ఎన్నో నెల?" అని అరిచాడు. అందరూ బల్లలు గుద్ది మరీ నవ్వారు. తొమ్మిదేళ్ళయింది, వీళ్ళు ఇంకా కోసుకొచ్చిన గుడ్డల మీదే తింటున్నారు.

ఆ యుద్ధపు ఉత్తరం ఇక చదవకు. పాతబడింది. పాస్టరుగారిని ఏదైనా కీర్తన పాడించుకోమను.

ఇక్కడ పని ఎక్కువగానే ఉంది. వారానికి నాలుగు కొత్త యంత్రాలను ఎక్కి చూడాలి. మా మెకానిక్ డాడ్‌కు ఐదో బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. ఇంటావిడ కుక్క నా చెప్పు ఒకటి మింగింది, రెండోది నాకెందుకని దానికే ఇచ్చేశాను. క్లెమ్‌కు అభినందనలు చెప్పు. వెనక సీట్లో బరువైన మనిషిని ఎక్కించుకోవద్దని కూడా చెప్పు. ఎక్కించుకోక తప్పకపోతే మలుపులు మెల్లగా తిప్పమను. ఎందుకని అడిగితే పెద్ద కథ. ఆదివారాలు ఇంటావిడ చేసే పుడ్డింగును కర్మాగారంలో చక్రాలకు అడ్డం పెట్టుకోవచ్చు. నీ చేతి కుంకుమపువ్వు రొట్టె కోసం ప్రాణం లాగుతోంది.

ప్రేమతో,
హెడ్లీ


వీల్ మర్సీ
14 మే 1927

హెడ్లీ,

క్లెమ్ బొలీథో చనిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం ఉత్తరం నుంచి తిరిగివస్తూ ఊరికి ఆరు మైళ్ళ దూరంలో పడిపోయాడు. కంచె బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన పడటం చూశాడు. "ఆకు రాలినట్టుందమ్మా. ముక్కు కిందికి వెయ్యలేదు, చదునుగా గింగిరాలు తిరిగీ తిరిగీ అట్లాగే దిగిపోయింది. ఆ అబ్బాయి చెయ్యి ఆడించడం కూడా కనబడింది నాకు," అని చెప్పాడు. వెనక సీట్లో హాలోరన్ అనే ఉన్ని వ్యాపారి ఉన్నాడు. ఎంత భారీ మనిషంటే, శవాన్ని బండిలోకి ఎక్కించడానికి నలుగురు కావలసి వచ్చారు. ఇద్దరూ పోయారు.

హాలోరన్ సంచిలో విస్కీ సీసాలు రెండు ఉన్నాయి. రెండూ పగిలాయి. క్లెమ్ బట్టలన్నీ విస్కీ వాసనే.

గురువారం మరణ విచారణ జరిగింది. కంపెనీ తరఫున అడిలైడ్ నుంచి ఒకాయన వచ్చాడు. జుట్టుకు బాగా నూనె రాసుకున్నాడు. "ఈ విమానాన్ని పరీక్షించింది ఎవరో కాదు, ఈ ఊరి వీరుడే, కెప్టెన్ ట్రెవారో. పూర్తి బరువుతో గింగిరాల్లోకి తోసి, రెండు చుట్లలో బయటికి తెచ్చానని ఆయన సంతకం చేశారు. కాబట్టి లోపం యంత్రంలో లేదు," అన్నాడు. నీ సంతకం ఉన్న కాగితాన్ని అందరికీ చూపించాడు. అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను. తప్పు నడిపినవాడిదనీ, తాగి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమనీ తీర్పు రాశారు.

హెడ్లీ, నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. కానీ నిన్న చూసినదాన్ని నీకు చెప్పకుండా ఉండలేను. మద్యం ముట్టనని మాట నిలబెట్టుకున్న పిల్లల పేర్లు ఆదివారపు బడి గోడకున్న పలక మీద రాసి ఉంటాయి కదా. బడి పెద్ద ఉరెన్‌గారు నిచ్చెన వేసుకుని ఎక్కి, క్లెమ్ పేరు మీద తెల్ల కాగితం అంటించాడు. జిగురు చేతులకంటితే రుమాలుకు తుడుచుకున్నాడు. పూడ్చి రెండు రోజులు కాలేదు. నేను హార్మోనియం దగ్గరే కూర్చుని చూస్తూ ఉన్నాను.

థర్జా గుడికి రావడం మానేసింది. నేనే వెళ్ళాను. ఏడవడం లేదు. కుర్చీ అంచున కూర్చుని, "మావాడు తాగలేదే," అంది. "తెలుసు," అన్నాను. "నీకు తెలిస్తే ఏం లాభం? మీ తమ్ముడికి రాయి. ఆ యంత్రం సంగతి ఆయనకే గదా తెలిసేది. తాగనివాడు నడిపినా అది పడుతుందని ఆయన ఒక్క మాట అంటే చాలు, విచారణ మళ్ళీ పెడతారట. నా బిడ్డ ఎట్లాగూ రాడు. తాగుబోతు అన్న మాటైనా వాడి మీద నుంచి తీసెయ్యాలి గదా."

అందుకే రాస్తున్నాను. నీకేమైనా తెలుసా?

కెజయా


వీల్ మర్సీ
27 మే 1927

హెడ్లీ,

నీ ఏప్రిల్ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది.

మొదటిసారి చదివినప్పుడు కుక్క సంగతికి నవ్వాను కూడా. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. వెనక సీట్లో బరువైన మనిషి. మలుపులు మెల్లగా. ఎందుకని అడిగితే పెద్ద కథ.

నీకు తెలుసు.

టెలిగ్రాం ఇస్తే రెండు రోజుల్లో అందేది. నువ్వు ఓడ ఉత్తరం రాశావు. ఆ ఉత్తరంలో నాలుగో పేజీలో, కుక్క మింగిన చెప్పుకూ ఇంటావిడ పుడ్డింగుకూ మధ్య, ఒక పిల్లవాడి ప్రాణాన్ని దోపావు. నువ్వు ఆ మాట రాశాక క్లెమ్ ఇంకా మూడు వారాలు బతికే ఉన్నాడు. మార్చిలో థర్జా అడిగిన ఒక్క ముక్కకు నీ ఉత్తరం మొత్తంలో జవాబు లేదు. మొదటిసారి చదివినప్పుడే నాకు అనుమానం రావలసింది. నువ్వు చెప్పలేని దాన్ని నవ్వుతో కప్పడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నాన్న గడియారం బావిలో పడేసిన రోజున కూడా ఇల్లంతా నవ్వించావు.

ఈ కాగితం ముట్టుకోవడానికే నాకు రోతగా ఉంది. థర్జాకు చూపించలేదు. ఏమని చూపించను? నీ మాటే నేను ఆమెకు ఇచ్చాను. నిన్ను అడగకుండా, నీ జవాబు కోసం ఆగకుండా, నిశ్చింతగా ఉండమన్నాను. ఆ పాపం నాది, దాని గురించి ప్రభువుతో నేను మాట్లాడుకుంటాను.

నీకు ఏం తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో రాయి. నవ్వించకు.

కెజయా


స్టోక్ మార్లీ
22 జూన్ 1927

ప్రియమైన అక్కా,

మే 14 నాటి నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. క్లెమ్ మంచి కుర్రాడు. థర్జాకు నా ప్రగాఢ సానుభూతి తెలియజెయ్యి. పూలకు ఏర్పాటు చేశాను.

విమానాల సంగతి నీకు తెలియదు. అనుభవం లేని కుర్రవాళ్ళు మలుపులో వేగం తగ్గించేస్తారు, పట్టుతప్పుతుంది. ఏ యంత్రమైనా అంతే. విచారణ చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. తాగాడని నేను అనను. కానీ చలికి పక్కవాడు ఒక గుక్క ఇస్తే ఆ వయసులో ఎవరు కాదంటారు? నేనే ఎన్నిసార్లు తాగి ఎగిరానో నీకు తెలియదు. అందులో అంత సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. థర్జాను మనసు దిటవు చేసుకోమను.

పని ఒత్తిడిలో ఉన్నాను.

హెడ్లీ


స్టోక్ మార్లీ
7 జూలై 1927

అక్కా,

నీ మే 27 ఉత్తరం వచ్చింది. జూన్‌లో నేను రాసింది దీనికంటే ముందే నీకు అంది ఉంటుంది. ఇంకా విప్పకపోతే చదవకు. చదివినా అది నేను రాశానని అనుకోకు. అనుకున్నా తప్పులేదు, నేనే రాశాను.

అడిగావు కాబట్టి చెబుతాను.

గాలిలో వేగం తగ్గినప్పుడు విమానం ఒక్కోసారి పట్టుతప్పి బొంగరంలా తిరుగుతూ పడుతుంది. ముక్కు కిందికి ఉన్నంతవరకూ భయం లేదు. చేతిలోని నడిపే కర్ర ముందుకు తోసి, కాలితో ఎదురు పెడలు తొక్కితే బయటికి వస్తుంది. తోక బరువెక్కితే మాత్రం ముక్కు దిగదు. నాన్న బండిలో ఖనిజమంతా వెనక్కి పోస్తే గుర్రం ముందుకాళ్ళు గాలిలోకి లేచేవి, జ్ఞాపకం ఉందా? అదీ సంగతి. అప్పుడు చదునుగా తిరుగుతుంది. కర్ర పనిచెయ్యదు. ఆకు రాలినట్టు అని మీ ముసలాయన సరిగ్గానే చెప్పాడు.

పరీక్షలో వెనక సీట్లో మనిషికి బదులు ఇసుక సంచులు కట్టాలి. కిందటి ఏడు ఇక్కడే ఒక సంచి జారి కర్రకు అడ్డంపడి నాకంటే ముందు ఈ పనిలో ఉన్న పైలట్ చనిపోయాడు. అప్పటి నుంచి ఈ కర్మాగారంలో వెనక సంచి కట్టరు. అంతే బరువు సీసపు పలకలు నా సీటు కింద బిగిస్తారు. "బరువు బరువే కదండీ, ఎక్కడుంటే ఏం?" అంటారు. వడ్రంగి నుంచి మేనేజరు దాకా అందరిదీ అదే మాట. విమానాలు కట్టేవాళ్ళే ఆ మాట అంటారు, చూడు! కర్లూ నా సీటు కింద సీసంతో రెండు చుట్లలో బయటికి వచ్చింది. నేను అడిగాను. మేనేజరు ఆస్టెల్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఆ పాలస్తీనా కనుమలో ఆరుసార్లు తిరిగొచ్చిన మనిషి, ఇసుక సంచి లేదని సంతకానికి వెనకాడతారా కెప్టెన్?" అన్నాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు. పూర్తి బరువుతో పరీక్షించానని సంతకం చేశాను. ఆ నవ్వుకు చేశాను.

తర్వాత మనసు ఊరుకోలేదు. జనవరిలో ఒక ఆదివారం నేనూ డాడ్ కలిసి వెనక సీటుకు నాలుగు సంచులు కట్టాం. ఒక్కణ్ణే ఎక్కాను. తొమ్మిది చుట్లు తిరిగింది. కర్ర చచ్చిన పాములా ఉంది. నడుముపట్టా విప్పేసి, లేచి, ముందున్న అద్దం మీదికి ఒళ్ళంతా వాల్చాను. ఆ కాస్త బరువుకు ముక్కు దిగింది. మన గని పొగగొట్టమంత ఎత్తులో బయటపడ్డాను. భుజం అప్పుడు బెణికింది.

ఆస్టెల్‌కు చెప్పాను. "ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. డాడ్‌కని చెప్పాను. "పాపం, డాడ్ భార్య మళ్ళీ కడుపుతో ఉంది కదూ," అన్నాడు. వేసవికి తోక మారుస్తామన్నాడు. అప్పటికి పదకొండు అమ్మేశారు. వేసవి దాకా ఎవరూ వెనక లావుపాటి మనిషిని ఎక్కించుకోకపోతే చాలని నేను కూర్చున్నాను.

ఇక కనుమ సంగతి. నువ్వు తొమ్మిదేళ్ళుగా గుడిలో చదువుతున్న ఉత్తరంలో ప్రభువు శత్రువును మన చేతికి అప్పగించాడని రాశాను. అప్పుడు అందరూ అట్లాగే రాసేవాళ్ళు. జరిగింది ఇది. పారిపోతున్న తుర్కుల సైన్యం కొండల మధ్య ఒకే దారిలో వస్తోంది. ముందు బళ్ళ మీద బాంబులు వేసి దారి మూసేశాం. వెనక్కి పోయే చోటు లేదు. తూటాలు అయిపోతే వచ్చి, నింపుకుని, మళ్ళీ వెళ్ళాం. నాలుగో విడతకూ ఐదో విడతకూ మధ్య గుడ్లూ పందిమాంసమూ తిన్నాను. బాగా ఆకలేసింది. చివరి విడతలో కింద మనుషులు చేతులెత్తి నిలబడ్డారు. గాలిలో ఉన్నవాడు ఖైదీలను పట్టుకోలేడు కదా. కాల్చాను. గుర్రాలూ ఒంటెలూ మనుషులూ కలిసి ఒకే ముద్ద. ఆ వాసన రెండువందల అడుగుల ఎత్తుకు వచ్చింది. దానికి పతకం ఇచ్చారు.

అందుకే పరీక్షల పనిలో చేరాను. ఇందులో తప్పు జరిగితే నేనొక్కణ్ణే చస్తాను, ఇంకెవరూ చావరు అనుకున్నాను. ఇప్పుడు అదీ లేదు. నా చేతులు చూసుకుంటే నాకే డోకు వస్తోంది. నీకు చెప్పాక కొంచెం తేలికగా ఉంది.

హెడ్లీ


వీల్ మర్సీ
16 ఆగస్టు 1927

హెడ్లీ,

నీ జూన్ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. జూలై ఉత్తరం పెట్టలేదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు నీ ఉత్తరంలోని ఆఖరి మాట దగ్గర నా మనసు గట్టిపడింది. నాకు చెప్పాక తేలికగా ఉందన్నావు. అదే నాకు అన్నిటికంటే రోత. ఈ బరువు నా ఒడిలో దింపి నువ్వు తేలికపడితే థర్జాకు ఏమొచ్చింది? నీకు ఏడ్చే చోటు కావాలి, అక్క ఉంది. ఆమె కొడుకు పేరు మీద ఇంకా జిగురు కాగితం ఉంది.

కనుమ సంగతికి నిన్ను ఏమనాలో నాకు తెలియదు. కానీ ఆ ఉత్తరాన్ని తొమ్మిదేళ్ళు ప్రసంగవేదిక ఎక్కి చదివిన గొంతు నాది. ముందు వరసలో పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. క్లెమ్ అందులో ఒకడు. విమానం నడపాలన్న కోరిక వాడికి ఎక్కడ పుట్టిందనుకున్నావు? ఇక చదవనని పాస్టరుగారికి చెప్పాను. ఎందుకన్నారు. అబద్ధం కాబట్టి అన్నాను. ఆయన ముఖం చిట్లించుకుని, "నెమ్మది, కెజయమ్మా," అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా నెమ్మదిగానే ఉన్నానండీ అన్నాను.

నీ జూలై ఉత్తరాన్ని మేజిస్ట్రేటుకు ఇద్దామని గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. అడిలైడ్‌లో లాయరును అడిగితే, అక్కకు రాసిన ఉత్తరానికి విలువ లేదు, అక్కడి న్యాయాధికారి ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టిన వాంగ్మూలం కావాలన్నాడు. అది వస్తే విచారణ మళ్ళీ తెరుస్తారట. కాబట్టి అది పంపు. సీసం ఎక్కడ పెట్టారో, ఎవరు పెట్టమన్నారో, నీకు ఏ తేదీన తెలిసిందో రాయి. తేదీ తప్పనిసరిగా రాయి. నీ ఉద్యోగం పోతుంది, తెలుసు. ఇంకెప్పుడూ ఎవరూ నిన్ను ఎగరనివ్వరేమో, అదీ తెలుసు.

మిగిలిన పది విమానాల వెనక సీట్లలో ఈ వారం ఎవరు కూర్చుంటున్నారో నీకు తెలియదు. ఈసారి ఓడ కోసం చూడకు.

అది వచ్చేదాకా నాకు ఇంకే ఉత్తరమూ రాయవద్దు.

కెజయా


స్టోక్ మార్లీ
10 అక్టోబరు 1927

అక్కా,

వాంగ్మూలం దీనితో పంపుతున్నాను. మూడు ప్రతులు చేయించాను. ఒకటి మీ మేజిస్ట్రేటుకు నేరుగా వెళ్ళింది. తేదీ ఉంది. విమానాలు కొన్న అందరికీ నీ ఉత్తరం అందిన రోజే టెలిగ్రాంలు ఇచ్చాను. నలుగురు జవాబిచ్చారు, నేల మీదే ఉంచుతామన్నారు.

ఆస్టెల్ నన్ను పిలిచి, "మీరు యుద్ధంలో బాగా అలిసిపోయారు కెప్టెన్. డాక్టరు అదే రాసిస్తాడు. ఈ కాగితం వెనక్కి తీసుకోండి, విశ్రాంతి జీతం ఇప్పిస్తాను," అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. నా టీలో చక్కెర కూడా ఆయనే కలిపాడు. నేను ఆ టీ తాగలేదు. ఇంతకాలం ఇట్లాంటి టీలు ఎన్ని తాగానో లెక్కలేదు.

నా సంతకం ఒక్కటే చాలదని డాడ్ తనంతట తనే వచ్చి సాక్షిగా సంతకం పెట్టాడు. వద్దన్నాను. "నీకు ఐదుగురు పిల్లలయ్యా," అన్నాను. "ఐదుగురున్నారు సార్, అందుకే," అన్నాడు. ఇద్దరినీ ఒకే రోజు గేటు బయటికి పంపారు. డాడ్‌కు ఒక మోటారు గ్యారేజీలో పని దొరికింది. నా పైలట్ అనుమతి పత్రం వెనక్కి తీసుకున్నారు. గేటు దగ్గర కుర్రాళ్ళు కొందరు నా వెనక ఉమ్మారు. కర్లూ ఆగిపోతే వాళ్ళ పని పోతుంది మరి.

జూన్‌లో క్లెమ్ గురించి నేను రాసిన గుక్క మాటను వాంగ్మూలంలో రాయలేదు. అది ఎవరికీ చూపించవద్దు అని అడిగే హక్కు నాకు లేదు. నువ్వు కాల్చేశావన్నావు. కాల్చకపోయినా నేను రాసింది నేను రాసిందే.

ఒకటి అడుగుతాను. ఇంటికి రావచ్చా?

హెడ్లీ


వీల్ మర్సీ
4 డిసెంబరు 1927

హెడ్లీ,

కిందటి సోమవారం విచారణ మళ్ళీ జరిగింది. కోర్టు గది చాలక కిటికీల దగ్గర కూడా జనం నిలబడ్డారు. కంపెనీ నుంచి ఈసారి ఎవరూ రాలేదు. ఆ కంపెనీయే లేదట, మూసేసి పేరు మార్చుకున్నారట. ఇట్లాంటివాళ్ళు బురదలో జలగల్లా ఎటు జారిపోతారో కనబడదు.

మేజిస్ట్రేటు నీ వాంగ్మూలం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. సీసం సంగతి వచ్చినప్పుడు గనిలో బండ్లు తోలిన ముసలాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "బరువు వెనక్కేస్తే బండి లేస్తదని మా గుర్రానికి కూడా తెలుసు గదరా," అన్నాడు ఒకాయన. ఎవరూ నవ్వలేదు. యంత్రం లోపమనీ, నడిపినవాడి తప్పు కాదనీ, మద్యం ప్రసక్తిని తీర్పు నుంచి తొలగిస్తున్నామనీ రాశారు.

ఉరెన్‌గారు ఆ సాయంత్రమే నిచ్చెన తీశాడు. నేను వెళ్ళి, "మీరు దిగండి," అన్నాను. "పర్లేదమ్మా, నేనే అంటించాను, నేనే తీస్తాను," అన్నాడు. "అందుకే దిగమంటున్నాను," అన్నాను. నా జీవితంలో నిచ్చెన ఎక్కడం అదే మొదటిసారి. గోరువెచ్చని నీళ్ళతో తడిపి తీశాను. అక్షరాలు చెడలేదు.

కానీ నీకు చెప్పాల్సింది అది కాదు. తీర్పు చదవగానే థర్జా లేచి నిలబడింది. కూర్చోమని గుమాస్తా అన్నాడు, కూర్చోలేదు.

"అయ్యా, ఈ కాగితం రాసినాయనకు ఇది ఎప్పుడు తెలిసిందని రాశాడు?"

మేజిస్ట్రేటు వెతికి, "జనవరి పదహారు," అన్నాడు.

"మావాడు పనిలో చేరింది మార్చి ఒకటిన," అంది.

అని కూర్చుంది. యుద్ధవీరుడని నీ పేరు చెక్కిన పాలరాతి పలక ఆ గది గోడకే ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు, చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

బయట ఆమె చెయ్యి పట్టుకున్నాను. మార్చిలో నీ తరఫున మాటిచ్చింది నేననీ, నిన్ను అడగకుండానే ఇచ్చాననీ చెప్పాను. నీ ఏప్రిల్ ఉత్తరంలోని ఆ వాక్యం గురించీ, దాన్ని ఇంతకాలం దాచిన సంగతీ చెప్పాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ మాట నమ్మి నేను నిద్రపోయానే కెజయా. రెండు నెలలు హాయిగా నిద్రపోయాను," అంది. నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగి, "ఆరోజు నువ్వు చెప్పకపోయినా వాడు ఎక్కేవాడేలే," అంది. అది నన్ను క్షమించడం కాదు. నిజం చెప్పడం. నేను దాన్ని అట్లాగే తీసుకున్నాను.

నీ కోసం ప్రార్థించడం మానలేదు. మొదట్లో నీ పేరు దగ్గరకు వచ్చేసరికి దాన్ని దాటేసి తర్వాతి పేరుకు వెళ్ళేదాన్ని. ఇప్పుడు పేరు పలుకుతున్నాను. ఆ తర్వాత ఏం అడగాలో తెలియక అక్కడే ఆపేస్తున్నాను.

ఇంటికి రావచ్చా అని అడిగావు. రా. అయితే రైలు దిగి ముందు నా ఇంటికి రావద్దు. థర్జా ఇంటికి వెళ్ళు. తోడు రమ్మని నన్ను అడగకు, నేను రాను. నువ్వు వస్తావని ఆమెకు చెప్పాను. పిండి పిసుకుతోంది, తల ఎత్తలేదు. "వస్తే తలుపు తీస్తాను," అంది.

తలుపు తీశాక ఏం చేస్తుందో చెప్పలేదు. నేను అడగలేదు.

అక్క,
కెజయా